ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధను చెప్పాయి. ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలతో పేచీ లేదట. రోజూ నోట్లో నానే చిన్న మాటలే ఇబ్బంది పెడుతున్నాయట. నిజమే. పొడుగాటి శాస్త్ర పదాన్ని నిఘంటువులో వెతికితే ఒక్క అర్థం దొరుకుతుంది, పని తీరిపోతుంది. మూడు నాలుగు అక్షరాల మాటను వెతికితే పేజీ నిండా అర్థాలే. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ పిల్లల ముఖాల్లో నేను చూసిన చిక్కు ఇదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: టీచరు గారూ, మా అబ్బాయి ఎనిమిదో తరగతి. డ్రైవరు ఫైన్ కట్టాడు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని పరీక్షలో తెలుగులో రాయమన్నారట. వాడు ‘డ్రైవరు బాగా కట్టాడు’ అని రాసి వచ్చాడు. మీనింగ్స్ నోటుబుక్కులో ఫైన్ అంటే ‘బాగా’ అనే ఉంది. తప్పు వాడిదా, నోటుబుక్కుదా?
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: నోటుబుక్కుదే అమ్మా. మీ అబ్బాయిని ఏమీ అనకండి. నేర్పింది నేర్పినట్టే రాశాడు. ఎడమవైపు ఇంగ్లీషు మాట, మధ్యలో గీత, కుడివైపు తెలుగు మాట. మన బడుల్లో తరతరాలుగా నడుస్తున్న ఈ నోటుబుక్కు మీద నాకు చాలా కోపం. ఒక మాటకు ఒకే అర్థం ఉంటుందనే అబద్ధాన్ని అది పసి మనసులో గట్టిగా నాటేస్తుంది. ఆ గీతకు కుడివైపున లేని అర్థం ఎదురైన రోజున పిల్లవాడు తనకు ఇంగ్లీషు రాదని తేల్చుకుంటాడు. రానిది వాడికి కాదు, ఆ గీత గీయించిన మనకు.

ఇక ఫైన్ సంగతి. లాటిన్‌లో ఫీనిస్ అంటే చివర, ముగింపు. ఫైనల్, ఫినిష్ అక్కడివే. పాత ఇంగ్లండులో తగాదాను ముగించుకోవడానికి చెల్లించే సొమ్మును ఫైన్ అన్నారు. డబ్బు కట్టారంటే గొడవ అక్కడితో తెగిపోయినట్టు. అదే క్రమంగా జరిమానా అయింది. ఆ ఫీనిస్ మరోపక్క ఫ్రెంచిలో ‘చివరి మెట్టు దాకా చేరినది’ అనే అర్థం తెచ్చుకుంది. ఇంతకు మించి మెరుగుపరచలేనిది ఫైన్. మెరుగుపెట్టి సన్నగా చేసినదీ ఫైనే. బియ్యం కొట్లో ఫైన్ రకం కావాలంటే సన్నబియ్యం కొలుస్తారు కదా.

నోటుబుక్కును మానిపించనక్కర్లేదు. కుడివైపున ఒక మాటకు బదులు ఒక చిన్న వాక్యం రాయించండి. అదే మాట వేరే అర్థంతో మళ్లీ కనిపించినప్పుడు పాత పేజీకి వెళ్లి రెండో వాక్యం చేర్చాలి. అందుకోసం ప్రతి మాట కింద నాలుగైదు గీతలు ఖాళీగా వదలమనండి.

ప్రశ్న: ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట ‘సెట్’ అని ఒక పోటీ పరీక్షల పుస్తకంలో ఉంది. ‘రన్’ అని మరో పుస్తకంలో ఉంది. ఏది రాయాలి మేడం?
– పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్

జవాబు: రెండు పుస్తకాలూ వాటి వాటి కాలానికి సరిగ్గానే చెప్పాయి. ఇరవై సంపుటాల ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు రెండో ముద్రణ 1989లో వచ్చింది. అందులో ‘సెట్’కు సుమారు 430 అర్థాలు చూపించారు. క్విజ్ పుస్తకాలన్నీ దాన్నే పట్టుకున్నాయి. ఆ తర్వాత నిఘంటువును తిరగరాసే పనిలో భాగంగా పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ‘రన్’ మీద నెలల తరబడి కూర్చున్నారు. క్రియగా దానికి 645 అర్థాలు తేలాయి. కుళాయి నీళ్లు కారడం, ముక్కు కారడం, ఉతికితే బట్ట రంగు దిగడం, దుకాణం నడపడం, క్రికెట్‌లో పరుగు తీయడం అన్నీ రన్నే. కాబట్టి ఇప్పుడు ‘రన్’ అని రాయండి.

చిన్న మాటకే ఇన్ని అర్థాలెందుకన్నది నాకు ఇంకా ఇష్టమైన ప్రశ్న. ఎంత ఎక్కువగా వాడే మాటకు అంత ఎక్కువ అర్థాలుంటాయని జార్జ్ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లో లెక్కలతో చూపించాడు. అందరి నోటా తిరిగే మాటను అందరూ తమ పనికి కాస్త వంచుకుంటారు. అరుదైన మాటను వంచే అవసరం ఎవరికీ రాదు.

మన ‘పట్టు’ను చూడండి. పట్టుచీర సంగతి పక్కన పెట్టండి, క్రియను మాత్రమే తీసుకోండి. నిద్ర పట్టింది. తుప్పు పట్టింది. చెమట పట్టింది. ఊరు చేరడానికి గంట పట్టింది. బిందెలో పది లీటర్లు పట్టాయి. పిల్లకు దయ్యం పట్టిందన్నారు. అతను గొడుగు పట్టాడు, చేపలు పట్టాడు, ఇంటి దారి పట్టాడు, కాకా పట్టాడు, చివరికి తప్పు పట్టాడు. ఇవి చదువుతుంటే మీకు ఒక్కచోటైనా తడబాటు కలిగిందా? చెమట అన్న మాట కనబడగానే మీ మనసు సరైన ‘పట్టు’ను తీసి పెట్టింది. ఆ నేర్పు మీకు పుట్టుకతో అబ్బింది. ఇంగ్లీషులోనూ పక్క మాటను చూసే అర్థం తేల్చుకోవాలి, వేరే రహస్యం లేదు.

ప్రశ్న: కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఛార్జీలు వసూలు చేసినవాణ్ని, ఛార్జీ అంటే డబ్బే అనుకున్నాను. మనవడు ఫోనుకు ఛార్జింగ్ పెడతాడు. పేపరు తెరిస్తే లాఠీఛార్జి, ఛార్జిషీటు, ఇన్‌ఛార్జి మంత్రి. వీటన్నిటికీ ఏమైనా చుట్టరికం ఉందా అమ్మా?
– విశ్రాంత కండక్టరు, వరంగల్

జవాబు: ఉంది అన్నగారూ. అన్నీ ఒకే బండి మీది నుంచి దిగినవి. లాటిన్‌లో కర్రుస్ అంటే సరకులు లాగే బండి. దాని నుంచి బండికి బరువెత్తడం అనే క్రియ పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి ఛార్జ్ అయింది. మనం ఎక్కే కారు, ఓడలకెత్తే కార్గో, మోయడమనే అర్థమున్న క్యారీ, మధ్యాహ్నం అన్నం మోసుకెళ్లే క్యారియరు అన్నీ ఆ బండి సంతానమే. ముక్కునో చెవులనో పెంచి గీసే వ్యంగ్య చిత్రాన్ని క్యారికేచర్ అంటారు. అది కూడా ఇటాలియన్‌లో ‘మోతాదుకు మించి బరువెత్తడం’ నుంచే వచ్చింది.

బరువెత్తడం అన్న ఒక్క మాట మనసులో పెట్టుకుని మీ జాబితా చూడండి. ప్రయాణికుడి మీద మోపిన ఖర్చు ఛార్జీ. నిందితుడి మీద మోపిన నేరం ఛార్జి, దాన్ని రాసిన కాగితం ఛార్జిషీటు. ఒకరి మీద మోపిన బాధ్యత ఛార్జి, మోస్తున్నవాడు ఇన్‌ఛార్జి. తుపాకిలో, ఫిరంగిలో మందు దట్టించడమూ ఛార్జే. దాని పక్కనే శత్రువు మీదికి ఒక్క ఊపున దూసుకెళ్లడం అనే అర్థం వచ్చింది. మన లాఠీఛార్జి అక్కడిది. ఫోనులో విద్యుత్తు నింపడమూ బరువెత్తడమే. అందులోని బ్యాటరీ అనే మాట కూడా ఫిరంగుల దగ్గరి నుంచే వచ్చింది. వరసగా నిలిపిన ఫిరంగులను బ్యాటరీ అనేవారు. విద్యుత్తును నిలవ ఉంచే గాజు జాడీలను వరసగా కలిపినప్పుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1749లో వాటికి ఆ పేరు వాడాడు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి మన తెలుగులో ఉంది. ఇప్పుడు నేను ఎన్నిసార్లు ‘మోపిన’ అన్నానో చూశారా? అది నేను కల్పించింది కాదు. నేరం మోపారు, పన్నుల భారం మోపారు, బాధ్యత మోపారు అని పత్రికలు రోజూ రాస్తాయి. కట్టెల మోపు అన్నప్పటి బరువే అక్కడా ఉంది. లాటిన్ బండివాడికీ మన కట్టెలవాడికీ పరిచయం లేదు. అయినా బరువును చూసి ఇద్దరూ ఒకే దిక్కుగా ఆలోచించారు. పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే ఛార్జ్ అర్థాలు బట్టీ పట్టే పని ఉండదని నా నమ్మకం.

ఇంకో మాట. బస్సు ఛార్జీ అనేది మన దేశంలో స్థిరపడిన వాడుక. ఇంగ్లండులో బస్సుకు కట్టేదాన్ని ఫేర్ అంటారు. మీరు వాడింది తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

బస్సు కదలడానికి మీరు రోజూ పలికిన ‘రైట్ రైట్’ గురించి అడగలేదు కానీ నేనే చెబుతాను. పాత ఇంగ్లీషులో దాని అర్థం తిన్ననిది, వంకర లేనిది. తిన్ననిది సరైనదైంది. న్యాయంగా చెందవలసినది హక్కు అయింది. ఎక్కువమందికి వాటంగా ఉండే చేయి కుడి చేయి అయింది. సంస్కృతంలో ‘దక్షిణ’ కూడా ఇలాంటిదే. కుడివైపు దక్షిణం, తూర్పుకు తిరిగి నిలబడితే కుడి పక్కన ఉండే దిక్కూ దక్షిణమే.

ప్రశ్న: గబ్బిలానికీ క్రికెట్ బ్యాటుకీ ఒకే పేరు ఎందుకు పెట్టారు టీచర్? గబ్బిలం బ్యాటులాగా ఉండదు కదా!
– ఏడో తరగతి విద్యార్థి, భీమవరం

జవాబు: చాలా మంచి ప్రశ్న బాబూ. ఉండదు కాబట్టే నువ్వు అనుమానించావు, అనుమానం సరైనదే. అవి రెండు వేర్వేరు మాటలు. కర్ర అనే అర్థమున్న బ్యాట్ పాత ఇంగ్లీషుది. గబ్బిలాన్ని పూర్వం ‘బకె’ అనేవారు. అది ఉత్తరాన ఉన్న స్కాండినేవియా నుంచి వచ్చిన మాట. పలకగా పలకగా అది కూడా బ్యాట్ అయిపోయింది. మీ ఊళ్లో ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలుంటాయి చూడు. గోత్రాలు అడిగితే వేరు వేరని తెలుస్తుంది, వాళ్లు దాయాదులు కారు. ఇదీ అంతే.

ఇలాంటివి ఇంకొన్ని. అగ్గిపుల్లను మ్యాచ్ అంటారు, అది వత్తి అనే అర్థమున్న ఫ్రెంచి మాట. జోడీ కుదిరే మ్యాచ్ వేరు, క్రికెట్ మ్యాచ్ దాని సంతానం. ఖర్జూరాన్నీ తేదీనీ డేట్ అంటారు. ఖర్జూరం పేరు గ్రీకులో వేలు అనే మాట నుంచి వచ్చింది, తేదీ పేరు లాటిన్‌లో ‘ఇచ్చినది’ అనే మాట నుంచి వచ్చింది. పూర్వం ఉత్తరం మీద ‘ఫలానా రోజున ఇచ్చినది’ అని రాసేవారు. చెట్టు బెరడు బార్క్, కుక్క మొరగడమూ బార్కే, వాటికీ సంబంధం లేదు. నువ్వు మరో రెండు కనిపెట్టి నాకు రాయి.

ప్రశ్న: ఇంగ్లీషు లోపాలున్న భాష కాబట్టే ఒకే మాటను పది పనులకు వాడుకుంటుంది. సంస్కృతానికీ మన తెలుగుకూ ఆ దుస్థితి లేదని నా అభిప్రాయం.
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మీ భాషాభిమానానికి నమస్కారం. అభిప్రాయంతో మాత్రం ఏకీభవించలేను. సంస్కృత నిఘంటువైన అమరకోశం మూడో కాండలో, పలు అర్థాలున్న మాటల కోసం నానార్థవర్గం అని ఒక భాగమే ఉంది. అందులో ‘హరి’ శబ్దానికి ఇచ్చిన అర్థాలు వినండి: యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. ఇవి కాక కపిల వర్ణం. పాముకూ అది మింగే కప్పకూ ఒకే పేరు! దీన్ని మన పెద్దలు లోపమని అనలేదు. శ్లోకం కట్టి పిల్లల చేత వల్లె వేయించారు. శ్లేష కావ్యాలు రాసిన కవులు ఈ సంపద మీదే బతికారు. నానార్థాలు లేని భాషను నేను ఇంతవరకు చూడలేదు.

ప్రశ్న: బ్యాంకులో నాకు లోన్ శాంక్షన్ అయిందన్నారు, సంతోషించాను. అదే రోజు టీవీ వార్తల్లో ఒక దేశం మీద శాంక్షన్స్ అన్నారు, కింద ఆంక్షలు అని వేశారు. ఒకే మాట ఇవ్వడమా, ఆపడమా?
– రైతు, ఒంగోలు దగ్గరి గ్రామం

జవాబు: రెండూనండి. లాటిన్‌లో దీని మూలానికి పవిత్రం చేయడం, దాటరాని కట్టడిగా ప్రకటించడం అని అర్థం. పై అధికారి వేసిన ముద్ర అనుకోండి. ఆ ముద్ర మంజూరు మీద పడితే మీకు లోను వచ్చింది. చట్టాన్ని దాటినవాడికి ఏం జరుగుతుందో చెప్పే భాగం మీద పడితే శిక్ష అయింది. దేశాల మధ్య ఈ రెండో అర్థం గట్టిపడింది. 1935లో ఇటలీ అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద దండెత్తినప్పుడు నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) ఇటలీపై విధించినవాటిని శాంక్షన్స్ అనే అన్నారు. గుర్తు పట్టడానికి ఒక దారి ఉంది. లోను, పోస్టు, సెలవు వంటి మాటల పక్కన వస్తే మంజూరు. దేశం పేరుకు ముందు ‘మీద’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటతో, బహువచనంలో వస్తే ఆంక్షలు.

ప్రశ్న: పొట్టి శ్రీరాములు గారి పాఠం చెబుతూ ఇంగ్లీషు పత్రికల్లోని ‘ఫాస్ట్’ అనే మాట చూపించాను. వేగానికీ ఉపవాసానికీ ఏమిటి సంబంధమని పిల్లలు అడిగారు. నాకూ తెలియదు.
– సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: పిల్లలకు నా ఆశీస్సులు చెప్పండి. ఫాస్ట్ అసలు అర్థం వేగం కాదు, గట్టిదనం. కదలకుండా, సడలకుండా నిలవడం. బిగించడాన్ని ఫాసెన్ అంటారు. గాఢంగా నిద్రపోయినవాణ్ని, ఉతికినా దిగని రంగును ఫాస్ట్ అనే మాటతోనే చెబుతారు. తిండి విషయంలో నియమాన్ని గట్టిగా పట్టి ఉంచడం ఉపవాసం. రాత్రంతా ఉన్న ఆ ఉపవాసాన్ని పొద్దున విడవడమే బ్రేక్‌ఫాస్ట్. వేగం అనే అర్థం తర్వాత వచ్చింది. గట్టిగా, పట్టుదలగా పరుగెత్తడం నుంచి త్వరగా పరుగెత్తడానికి జారింది. అందుకే ఈ మాట ఒకచోట కదలనిదాన్ని, మరోచోట అందరికంటే ముందు కదిలేదాన్ని చెబుతుంది.

మనం నిరాహార దీక్ష అంటాం. తిండి లేకపోవడాన్ని నిరాహారం చెబుతుంది, సడలని నియమాన్ని దీక్ష చెబుతుంది. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం విడిచే దాకా శ్రీరాములు గారు చేసిన పనికి ఫాస్ట్ అనే మాట తన పాత అర్థంతోనే సరిపోతుంది. ఈసారి పాఠం చెప్పేటప్పుడు వేగం జోలికి వెళ్లకుండా గట్టిదనం దగ్గరే మొదలుపెట్టండి.

ప్రశ్న: బ్లాక్‌బోర్డు, ఇంటర్మీడియట్ బోర్డు, విమానం బోర్డింగ్ పాస్, బోర్డింగ్ స్కూలు. బోర్డుకు ఏది అసలు అర్థం?
– ప్రైవేటు ఉద్యోగిని, హైదరాబాదు

జవాబు: చెక్క పలక. పలక మీద భోజనం వడ్డించారు కాబట్టి అది భోజనాల బల్ల అయింది, తర్వాత భోజనమే అయింది. తిండి పెట్టి ఉంచుకునే బడి బోర్డింగ్ స్కూలు. పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు చేశారు కాబట్టి ఆ పెద్దల సంఘం బోర్డు అయింది. ఓడ పక్క భాగాన్ని కూడా బోర్డు అనేవారు, దాన్ని దాటి లోపలికి వెళ్లడమే బోర్డింగ్. ఓడలు పోయి విమానాలు వచ్చినా మాట ఉండిపోయింది. మీ ఇంట్లో బట్టలు పెట్టుకునే కప్‌బోర్డు ఒకప్పుడు కప్పులు పేర్చుకునే ఉత్త బల్ల.

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి డాలస్ వచ్చాను. ఇంగ్లీషు వచ్చనుకున్న నాకు ఇక్కడ అన్నీ తికమకే. ఫస్ట్ ఫ్లోర్ అంటే లిఫ్టు ఎక్కాను, మనవరాలు నవ్వింది. ఇది నేను నేర్చుకున్న ఇంగ్లీషు కాదా?
– అమ్మమ్మ, ప్రస్తుతం అమెరికాలో

జవాబు: మీరు నేర్చుకున్నది మంచి ఇంగ్లీషేనమ్మా, ధైర్యంగా ఉండండి. మనది బ్రిటన్ వాడుక. నేల మీద ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో లెక్క నేల నుంచే మొదలవుతుంది. అక్కడ పర్సు అంటే ఆడవాళ్లు భుజానికి తగిలించుకునే సంచి. బిల్ అంటే కట్టవలసిన లెక్కా కావచ్చు, చేతిలోని నోటూ కావచ్చు. ఎన్నికల్లో మన నాయకులు, బ్రిటన్ నాయకులు నిలబడతారు. అమెరికా నాయకులు పరుగెత్తుతారు, అంటే అక్కడ ‘రన్’ అంటారు.

ఈ తేడా పెద్దవాళ్లనూ తిప్పలు పెట్టింది. ఒక కాగితాన్ని సభలో ‘టేబుల్’ చేయడమంటే మనకూ బ్రిటన్‌కూ చర్చకు పెట్టడం. అమెరికాలో చర్చను పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్, అమెరికన్ సేనాధికారులు ఒక సమావేశంలో ఈ మాట మీద చాలాసేపు ఘాటుగా వాదించుకున్నారని, చివరికి ఇద్దరి కోరికా ఒకటేనని తేలిందని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశారు. మనవరాలికి ఈ కథ చెప్పండి.

ప్రశ్న: తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చాను. పది వేల మాటలు నేర్చుకోవాలని కోచింగులో అంటున్నారు. ఒక్కోదానికి ఇన్ని అర్థాలుంటే నా వల్ల అవుతుందా మేడం?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: అవుతుందమ్మా. పది వేల మాట ఇప్పుడు మర్చిపో. నీలాంటి విద్యార్థుల కోసమే ఒకాయన జీవితమంతా పనిచేశాడు. పేరు మైకేల్ వెస్ట్. అప్పటి ఉమ్మడి బెంగాల్‌లో, ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ, మన పిల్లలు ఇంగ్లీషు పుస్తకం ముందు ఎక్కడ ఆగిపోతున్నారో దగ్గర నుంచి చూశాడు. 1953లో సుమారు 2000 మాటల జాబితా ప్రచురించాడు. ఆ జాబితా గొప్పదనం మాటల్లో లేదు. ఒక్కో మాటకు ఏ అర్థం నూటికి ఎంత వంతు వాడుకలో ఉందో పక్కనే అంకె వేశాడు. చూస్తే తెలిసేదేమిటంటే, నిఘంటువులో ఎన్ని అర్థాలున్నా చాలా మాటలకు రెండు మూడు అర్థాలే బరువు మోస్తాయి. నీకు ముందు కావలసినవి అవే. ‘రన్’కున్న 645 అర్థాలు ఆ నిఘంటువు రాసినవాళ్లకు తప్ప ఎవరికీ కంఠస్థం రానక్కర్లేదు.

నిఘంటువును ఎలా చూడాలో ఎవరూ నేర్పరు, అందుకని చెబుతున్నాను. ‘కేస్’ అనే మాట వెతుకు. మంచి ఇంగ్లీషు నిఘంటువులో అది రెండుసార్లు విడివిడిగా కనిపిస్తుంది, తలపదం భుజాన చిన్న 1, చిన్న 2 ఉంటాయి. అంటే అవి రెండు వేర్వేరు మాటలు. ఒకటి పెట్టె, తొడుగు. సూట్‌కేసు అందులోది. రెండోది లాటిన్‌లో ‘పడటం’ నుంచి వచ్చింది. వచ్చిపడిన సంఘటన కాబట్టి కోర్టు కేసు, ఆసుపత్రి కేసు, వ్యాకరణంలో విభక్తి అందులోవి. ఆ తర్వాత ఒక్కో తలపదం కింద వరసగా వచ్చే 1, 2, 3 అంకెలు ఒకే మాట సాగుతూ వచ్చిన అర్థాలు. భుజం మీది అంకెను మొదట చూడు, కింది అంకెల్లో మొదటి రెండు చదువు, ఉదాహరణ వాక్యం రాసుకో. రోజుకు మూడు మాటలు చాలు. తెలుగు మాధ్యమంలో చదివిన నీకు పట్టు, పెట్టు, కట్టు, కొట్టు అనే మాటల అర్థాలన్నీ వచ్చు. ఆ బుర్ర ఇంగ్లీషుకు సరిపోదని ఎవరు చెప్పినా నమ్మకు.

ప్రశ్న: మొదటిసారి పాస్‌పోర్టు చేతికి వచ్చింది. లోపలి పేజీలో రాష్ట్రపతి పేరిట రాసిన విన్నపం చదివాను. దాన్ని చూపినవారిని ‘లెట్’ లేకుండా వెళ్లనివ్వండి అని ఉంది. లెట్ అంటే అనుమతించడం కదా. అనుమతి లేకుండా వెళ్లనివ్వమని అడగడమేమిటి?
– ఎలక్ట్రీషియన్, జగిత్యాల. త్వరలో గల్ఫ్ ప్రయాణం

జవాబు: పాస్‌పోర్టులో ఆ పేజీని చదివే మనుషులు అరుదు, మీకు అభినందనలు. మీకు తెలిసిన లెట్ కాదది. పాత ఇంగ్లీషులో రెండు వేర్వేరు క్రియలుండేవి. ఒకటి అనుమతించడం, రెండోది అడ్డగించడం. కాలక్రమంలో రెండూ ఒకే రూపంలోకి, ఒకే పలుకుబడిలోకి వచ్చాయి. వాడుకలో అనుమతి గెలిచింది. అడ్డంకి అనే లెట్ ముఖ్యంగా రెండు చోట్ల బతికి ఉంది. ఒకటి ఇలాంటి ప్రభుత్వ పత్రాలు. రెండోది టెన్నిస్. సర్వీసు బంతి నెట్‌కు తగిలి అవతల సరైన గడిలో పడితే లెట్ అంటారు, దారిలో అడ్డు తగిలింది కాబట్టి సర్వీసు మళ్లీ చేయాలి. మీ పాస్‌పోర్టులోని వాక్యానికి అర్థం ఇది: ఈ పత్రం చూపినవారిని ఎలాంటి అడ్డంకీ ఆటంకమూ లేకుండా స్వేచ్ఛగా వెళ్లనివ్వండి, అవసరమైన సహాయమూ రక్షణా అందించండి. అది మీ తరఫున భారత రాష్ట్రపతి పేరిట చేసిన విన్నపం. అక్కడికి వెళ్లాక ఆ పాస్‌పోర్టును మీ దగ్గరే ఉంచుకోండి, పని ఇచ్చినవారు అడిగినా వదలకండి. ఒక నకలు ఇంట్లోనూ ఉంచి బయలుదేరండి.